రోడ్డుకి ఇవతల

ప్రత్తిపాడు దాటాక లోపలికి పోయే రోడ్డు మీద ఒక ఊళ్లో నేను తొమ్మిదేళ్లు పంతులమ్మగా పనిచేశాను. ఇల్లు గుంటూరులో. పొద్దున ఎనిమిదింటి బస్సుకి వెళ్లడం, సాయంత్రం ఐదింటి బస్సుకి తిరిగి రావడం. ఆ ఊరికి ఉన్న ఒక్క బస్ షెల్టరు మా బడికి వంద గజాల దూరంలో ఉండేది. సిమెంటు బల్ల, మూడు వైపులా గోడ, పైన కప్పు. ఆ తొమ్మిదేళ్లలో ఆ బల్ల మీద నేను కూర్చున్న గంటలన్నీ కలిపితే నెలలే అవుతాయి. కొన్ని రోజులు మాత్రం కూర్చోలేదు. ఆ రోజుల గురించే ఇది.

బడుల్లో మధ్యాహ్న భోజనం కొత్తగా మొదలైన ఏడు. మిరప కోతల కాలం. ఏటా లాగే దర్శి వైపు నుంచి కూలీల ముఠా వచ్చి బడి వెనక ఖాళీ స్థలంలో పట్టాలతో గుడిసెలు వేసుకుంది. కల్లాల్లో కాయ ఎండుతుంటే ఆ ఘాటు తరగతి గదుల్లోకి వచ్చేది. పాఠం మధ్యలో అందరం కలిసి తుమ్మేవాళ్లం.

ఒకరోజు పొద్దున బడి గంట కొట్టకముందే ఒకావిడ ఆరేళ్ల పిల్లని చేయి పట్టుకుని తీసుకొచ్చింది. ముప్పై దాటి ఉండవు. గుమ్మం బయటే నిలబడింది.

"అమ్మా, దీన్ని రెండు నెల్లు మీ కాడ కూర్చోనిస్తారా?"

"పేరు రాయించాలంటే కాగితాలు కావాలమ్మా," అన్నాను.

"పేరు రాయొద్దులేమ్మా. అక్షరం ముక్క రాకపోయినా పర్లేదు. ఎండలో చేల గట్ల మీద తిరక్కుండా నీడపట్టున ఉంటే చాలు." అని గట్టిగా నవ్వింది. "మధ్యాన్నం అన్నం కూడా పెడతన్నారంటగా!"

దాపరికం లేని ఆ మాట నాకు నచ్చింది. పిల్లని లోపలికి పిలిచాను.

పిల్ల చురుకైనది. పది రోజుల్లో అచ్చులన్నీ దిద్దింది. ఒకరోజు పరిసరాల పాఠం చెబుతూ, మనిషికీ జంతువుకీ తేడా ఏమిటని అడిగాను. మనిషి మాట్లాడతాడని ఒకడు, బట్టలు కట్టుకుంటాడని ఒకడు అన్నారు. "మనిషికి పేరుంటుంది టీచర్," అంది ఒకమ్మాయి. "మా గేదెకీ ఉంది," అన్నాడు వెనక నుంచి ఇంకొకడు. క్లాసంతా నవ్వింది. కొత్త పిల్ల చెయ్యెత్తి, "మనిషైతే వండుకుని తింటాడు," అంది. శభాష్ అన్నాను. నేను ఆ జవాబుకి చేర్చిందేమీ లేదు. పుస్తకంలో ఉన్న నాలుగు వాక్యాలు బోర్డు మీద రాసి, పలకల్లోకి ఎక్కించుకోమన్నాను.

మార్చి మొదట్లో ఆ తల్లికి జ్వరం పట్టుకుంది. ముందు అందరూ మామూలు జ్వరమనే అనుకున్నారు. తర్వాత దగ్గు. పది రోజులకే మనిషి సగమైపోయింది. కోతకి పోలేక గుడిసెలో పడుకుంది. అప్పుడు ముఠాలో ఎవరో అన్నారట, దాని మొగుడు లారీల మీద తిరిగేవాడు, పోయినేడు ఇట్టాగే చిక్కి చచ్చిపోయాడని. ఆ మాట ఒక్క పూటలో ఊరంతా పాకింది. ఆ రోజుల్లో ఎయిడ్స్ జబ్బు గురించి గోడల మీద బొమ్మలు, రేడియోలో పాటలు. ముట్టుకుంటే రాదని ఆ బొమ్మల్లోనే రాసి ఉండేది. పిల్లలకి చదివి వినిపించింది కూడా నేనే.

ముఠాలో ఆడవాళ్లు ఆమెని గుడిసెలో ఉండనివ్వలేదు. పిల్లని మాత్రం తమ దగ్గరే పడుకోబెట్టుకున్నారు. ముఠా మేస్త్రీ ఆమె చాపా, చెంబూ తెచ్చి బస్ షెల్టర్లో పెట్టాడు. "కోతలైపోతే అందరం బండిలో పోతాం. అప్పటిదాకా ఈడుంటది," అన్నాడు. ఎవరూ కాదనలేదు.

ఆ సాయంత్రం నేను బస్సుకి వెళ్లేసరికి జనమంతా రోడ్డుకి ఇవతల, బడ్డీ కొట్టు పక్కన ఎండలో నిలబడి ఉన్నారు. షెల్టర్లో ఆమె ఒక్కతే ముడుచుకుని పడుకుని ఉంది. నేను కూడా బడ్డీ కొట్టు దగ్గరే ఆగాను. ఎవరూ నన్ను ఆగమనలేదు. కాళ్లు వాటంతట అవే ఆగాయి.

ఊరివాళ్లు చెడ్డవాళ్లని చెప్పడానికి ఇది రాయడం లేదు. పొద్దునొకరు, సాయంత్రమొకరు అన్నమో మజ్జిగో తెచ్చేవాళ్లు. గిన్నె నేల మీద పెట్టి, కర్రతో ముందుకి తోసి వెళ్లేవాళ్లు. అంతకు ముందు ఏడాది ఒక జీతగాడు పత్తి చేలో మందు కొడుతూ కళ్లు తిరిగి పడిపోతే ఇదే మనుషులు వాణ్ణి మంచం మీద మోసుకుని రోడ్డు దాకా పరిగెత్తారు. వాడి నోటి నురగ చొక్కాల మీద పడినా ఎవరూ వెనక్కి తగ్గలేదు. అంటే చేతకాక కాదు. అదే నన్ను ఇప్పటికీ నిద్ర లేపి కూర్చోబెడుతుంది.

వారం తిరిగేసరికి ఆమె గురించి మాట్లాడే తీరు మారింది. 'ఆ దర్శి అమ్మాయి' అనేవాళ్లు కాస్తా, "అది ఇంకా అక్కడే ఉందా?" అనడం మొదలుపెట్టారు. మహద్వాచకం, అమహద్వాచకం అని వ్యాకరణం చెప్పేదాన్ని కదా, ఆ మాట నాకు చెవిలో గుచ్చుకుంది. మన భాషలో ఆడమనిషి వచ్చినా, గొడ్డు వచ్చినా, బస్సు వచ్చినా 'వచ్చింది' అనే అంటాం. ఎన్నేళ్లుగానో బోర్డు మీద రాస్తున్నాను గానీ, ఆ మాటలోంచి మనిషి జారి కింద పడిపోవడం ఎంత తేలికో అప్పుడే చూశాను.

నేనేమీ చెయ్యలేదని కూడా అనలేను. మా హెడ్మాస్టరు గారికి చెప్పాను. "మనకెందుకండీ, ఊరి విషయం," అన్నారు. వారానికొకసారి వచ్చే నర్సమ్మకి చెప్పాను. ఆమె వెళ్లి నాడి చూసి, గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని చీటీ రాసిచ్చింది. ఆటోవాళ్లు ఎక్కించుకునేది లేదన్నారు. మేస్త్రీ, కోతలు అవనివ్వండి అన్నాడు. ఆ చీటీ ఆమె చాప కిందే ఉండిపోయింది. నా బస్సు రోజూ ఆ పెద్దాసుపత్రి ముందు నుంచే పోతుంది. అక్కడ ఆగుతుంది కూడా. ఆమెని నా పక్క సీట్లో కూర్చోబెట్టుకుంటే గంటన్నర ప్రయాణం. అంతే. ఆ లెక్క నాకు అప్పుడూ తెలుసు.

ఇంతలో బడికి తల్లులు వచ్చారు. ఆ పిల్ల తిన్న కంచంలో మా పిల్లలు తినాల్సొస్తే బడికి పంపేది లేదని తేల్చి చెప్పారు. హెడ్మాస్టరు గారు నా వైపు చూశారు. మర్నాడు పిల్లని పక్కకి పిలిచి, "అమ్మా, రేపట్నుంచి నీ కంచం, గ్లాసు నువ్వే తెచ్చుకో. అన్నం ఆ వసారా చివర కూర్చుని తిను," అన్నాను. ఎంత మెల్లగా, ఎంత ప్రేమగా చెప్పానో గుర్తుంది. పిల్ల ఎందుకని అడగలేదు. తలూపింది. మర్నాడు సొట్టలు పడిన కంచం తెచ్చుకుని, నేను చూపించిన చోటికి ఇంకో రెండు అడుగులు అవతల కూర్చుంది.

రోజూ సగం తిని, మిగతా సగం కంచంలోనే పట్టుకుని షెల్టరు దగ్గరికి పరిగెత్తేది. ఊళ్లో ఆమెని ముట్టుకునే మనిషి అదొక్కతే. నేను కూడా ఇప్పుడు 'అది' అంటున్నాను చూడండి. ముద్దుకి అనే 'అది', వెలివేసే 'అది', రెండూ ఒకలాగే పలుకుతాయి.

ఒక సాయంత్రం నేను ఒక్కదాన్నే బస్సు కోసం నిలబడ్డాను. అవతలి నుంచి ఆమె తలెత్తింది.

"టీచరమ్మా!"

ఉలిక్కిపడ్డాను.

"మా పిల్ల సదువుతందా?"

"ఆఁ, బాగా చదువుతోంది."

వినపడలేదు కాబోలు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. నేను ఒక అడుగు ముందుకి వేశాను. తారు అంచు దగ్గర ఆగాను. ఆమె గమనించిందేమో, "దగ్గరికి రానక్కర్లేదులేమ్మా. ఆణ్ణించే చెప్పండి," అంది.

గట్టిగా అరిచి చెప్పాను. గుణింతాలు వచ్చాయి, వచ్చే ఏడు కూడా పంపించు అని. ఆమె చెయ్యెత్తి దణ్ణం పెట్టింది. బస్సు వచ్చి మా ఇద్దరి మధ్యా ఆగింది. ఎక్కేశాను. కిటికీ పక్కన చోటున్నా ఆ వైపు కూర్చోలేదు.

నాలుగు రోజుల తర్వాత, పొద్దున బస్సు దిగేసరికి బడ్డీ కొట్టు దగ్గర జనం గుంపుగా ఉన్నారు. షెల్టర్లో ఆమె మీద ఎవరో దూరం నుంచే దుప్పటి విసిరినట్టున్నారు. ఒక కాలు బయటే ఉంది.

పిల్ల అప్పటికే బడికి వచ్చేసింది. గుడిసెల నుంచి బడికి వచ్చే దారి వెనక వైపు నుంచి కదా, దానికేమీ తెలియదు. పలక మీద రాసుకుంటోంది. ఎవరు చెప్పాలి? హెడ్మాస్టరు గారు, మీరే చెప్పాలండీ అన్నారు. పన్నెండింటి దాకా నేను లెక్కలు చెప్పాను, పద్యం చెప్పాను. ముందు అన్నం తిననివ్వాలనుకున్నాను. అది దయ అనుకున్నాను అప్పుడు.

పిల్ల సగం తింది. సగం ఉంచి లేచింది. నేను ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. వంటావిడే వెనక నుంచి, "మీ అమ్మ పోయిందే తల్లీ," అని ఏడ్చింది.

పిల్ల ఏడవలేదు. కంచంలోకి చూసింది. నా వైపు చూసింది.

"మరి ఈ అన్నం ఏం చెయ్యాలి టీచర్?"



మధ్యాహ్నం రెండు దాటాక పంచాయతీ ట్రాక్టరు వచ్చింది. నలుగురు మగవాళ్లు ముక్కులకి తువ్వాళ్లు కట్టుకుని, మిరపకాయలు కప్పే పట్టా పరిచి, కర్రలతో ఆమెని దాని మీదకి దొర్లించారు. బడి పిల్లల్ని లోపలికి పంపి తలుపులు వేశాను. కానీ కిటికీ సందులోంచి నేను చూశాను. పిల్లని మేస్త్రీ భార్య ట్రాక్టరు వెనక నడిపించింది. ఆ ఊరి శ్మశానంలో ఆమెకి ఎక్కడ గొయ్యి తీశారో కూడా నాకు తెలియదు. ఏ జబ్బో కూడా తెలియదు. పరీక్ష ఎవరూ చేయించలేదు. క్షయ అయ్యుంటుంది, మాత్రలు వాడితే బతికేది అని నర్సమ్మ తర్వాత అంది. అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. ఆ మాట విన్నప్పుడు నాలో ముందుగా కలిగింది బాధ కాదు. పిల్ల పలక ముట్టుకున్నానే, దగ్గు అంటుకుంటుందేమోనన్న భయం. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

షెల్టరు బ్లీచింగు వేసి కడిగారు. వానలు మొదలయ్యాక ఒక్కొక్కరే మళ్లీ అక్కడ కూర్చోవడం మొదలుపెట్టారు. నేను కూడా.

ముఠా వెళ్లిపోయే రోజు పిల్లకి కొత్త గౌను కొనుక్కెళ్లాను. లోపల నాకు ఇంకో ఆలోచన లేకపోలేదు. నాకు పిల్లలు లేరు. ఈ పిల్లని ఉంచుకుంటే ఏమవుతుందని రెండు రాత్రులు మా ఆయనతో మాట్లాడాను. ఆయన వద్దనలేదు. "నీ ఇష్టం," అన్నాడు. వద్దంటే బాగుండేది, నెపం ఆయన మీద పెట్టేదాన్ని. చివరికి గౌను కొన్నాను.

కాగితం విప్పి చూపించాను. పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుని చూసింది.

"ముట్టుకోవచ్చా టీచర్?"

"నీకే అమ్మా ఇది."

అయినా నేను దాని చేతులు పట్టుకుని లాగి గౌను పెట్టేదాకా ముట్టుకోలేదు. నేను ఆ పిల్లని తాకింది ఆ ఒక్కసారే అనుకుంటా.

ఏడేళ్లకి జిల్లాలు మారే బదిలీల్లో నాకు దర్శి దగ్గర బడి వచ్చింది. చేరిన రెండో నెలలో, ఒక ఆదివారం, పిల్లని బడికి తెచ్చిన రోజు ఆ తల్లి చెప్పిన ఊరు వెతుక్కుంటూ వెళ్లాను. పిల్ల పిన్ని దగ్గర ఉంటోందని చెప్పారు. పొగాకు కాల్చే బేరన్ దగ్గర ఆడవాళ్లతో కూర్చుని ఆకులు కర్రలకి కడుతోంది. పదమూడేళ్లు. చేతులు జిగురుతో నల్లగా ఉన్నాయి. నన్ను చూసి లేచి నిలబడింది.

"నేను మీ టీచర్నమ్మా. ప్రత్తిపాడు అవతల, బళ్లో..."

"ఏ బడండీ?"

చెప్పాను. మిరప కోతలు, గుడిసెలు, షెల్టరు, వసారా. అది తల అడ్డంగా ఊపింది. కళ్లు మండడం ఒక్కటే గుర్తుందట. దారి పొడుగునా నేను దాని కోపానికి సిద్ధపడుతూ వచ్చాను. తిడితే పడదామనుకున్నాను. తిట్టడానికి దాని దగ్గర ఏమీ లేదు. అంతా నా దగ్గరే ఉంది.

పిన్ని మంచం వాల్చింది. కాసేపు బడుల గురించి ఏదో మాట్లాడాను. లేవబోతుంటే పిల్ల దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"మా అమ్మ ఎట్టా ఉండేదండీ? ఒక్క ఫోటో కూడా లేదు. పిన్నిని అడిగితే తెల్లగా ఉండేదంటది, మామని అడిగితే చామనచాయంటాడు."

నేను గుర్తు చేసుకోబోయాను. నవ్వు వినపడింది. గొంతు వినపడింది. చెవి దగ్గర పెట్టుకున్న చెయ్యి కనపడింది. దుప్పటి బయట కాలు కనపడింది. మొహం రాలేదు. ఎంత వెతికినా రాలేదు. నెల రోజులు రోజుకి రెండుసార్లు ఆమె ముందు నుంచి నడిచిన దాన్ని, ఒక్కసారి కూడా నిలబడి చూడలేదు.

"నీలాగే ఉండేదమ్మా," అన్నాను. "అచ్చం నీలాగే."

అది సిగ్గుపడి నవ్వింది. పక్కనున్న ఆడవాళ్ల వైపు తిరిగి, "ఇన్నారా, మా అమ్మ నా మాదిరే ఉండేదంట," అని గట్టిగా చెప్పింది. వాళ్లు తలలూపి, మళ్లీ ఆకులు కట్టుకోవడంలో పడ్డారు.