ముల్లు కదలని సిలిండర్

మా ల్యాబులో ఆయన్ని అందరూ తూకం బాబాయి అనేవాళ్ళం. చాటుగా కాదు, ముఖం మీదే. ఏది చేతికిచ్చినా తూచందే నమ్మేవారు కాదు. ఒకసారి ఎవరిదో పుట్టినరోజని కేకు తెస్తే, దాన్నీ త్రాసు మీద పెట్టి, డబ్బా మీద రాసినదానికంటే ముప్పై గ్రాములు తక్కువుందని తేల్చాకే ముక్క నోట్లో వేసుకున్నారు.

ఆయన పని సయనోబాక్టీరియాను బతికించడం. నీటి మీద పచ్చగా తేలే నాచులాంటి సూక్ష్మజీవులవి. దీపాల కింద వరసగా సీసాలు, వారానికోసారి కొత్త నీళ్ళు, వేళకు గాలి. పందొమ్మిదేళ్ళలో ఆయన చేతిలో ఒక్క సీసా చావలేదు. పెద్ద చదువులు లేవు. అయినా నేను రెండేళ్ళు పుస్తకాలతో కుస్తీ పట్టినా బుర్రకెక్కని సంగతి ఆయన ఒక్క టీ తాగేలోపు చెప్పేశారు.

"రుబిస్కో అంటే ఏంటనుకున్నావు తల్లీ? పదహారు మంది కూర్చునే ఆఫీసు. పెద్దవాళ్ళు ఎనిమిది మంది, పనంతా వాళ్ళదే. చిన్నవాళ్ళు పైన నలుగురు, కింద నలుగురు. పెద్దవాళ్ళు చెదిరిపోకుండా పట్టుకుంటారు. గాల్లో కార్బన్ డయాక్సైడుని పట్టి చక్కెర దారిలో పెట్టడం వీళ్ళ ఉద్యోగం. కానీ ఎంత నిదానమో! మిగతా ఎంజైములు సెకనుకి వేలకు వేలు లాగించేస్తుంటే, ఈ రుబిస్కోగారు పది చేసి ఆవలిస్తారు. పైగా చూపు ఆనదు. ఆక్సిజన్ వచ్చి నిలబడ్డా ముద్ర కొట్టేస్తారు. అంతా దండగ."

"మరి ఎలా బతుకుతాయి బాబాయ్?"

"కణానికి తెలివుందిగా! ఈయన్ని ప్రొటీన్ గోడల గదిలో కూర్చోబెట్టి తలుపేసింది. సరుకు కరిగిన రూపంలో లోపలికి పంపి, అక్కడ కార్బన్ డయాక్సైడుగా మార్చి, ముక్కు కిందే పెడుతుంది. ఇక పొరపాటుకి చోటెక్కడ?"

నా పరిశోధన ఆ గోడలు లేని కణం మీద. గోడలు కట్టే జన్యువులు నేనే తీసేశాను. ఎంజైము భేషుగ్గా ఉంది, దానికి గదే లేదు. మామూలు గాల్లో అది బతకదు. సిలిండర్ నుంచి అదనంగా కార్బన్ డయాక్సైడు కలిపి పంపాలి. ఫ్రీజర్‌లో దాచినవి మళ్ళీ మొలకెత్తలేదు. మిగిలింది ఒక్క సీసా. నా నాలుగేళ్ళు అందులో ఉన్నాయి.

ఆ సిలిండర్‌తో ఒక చిక్కుంది. లోపలుండేది ద్రవం. అది కాస్త మిగిలి ఉన్నా చాలు, పైనున్న మీటరు ముల్లు కదలదు. ఉన్నట్టుండి ఒకరోజు పడిపోతుంది. అందుకే బాబాయి రోజూ సాయంత్రం గొలుసు విప్పి, సిలిండర్‌ని త్రాసు మీదికి దొర్లించి, బరువు రిజిస్టరులో రాసేవారు. "ముల్లుని నమ్మకు, తూచు" అని నాకు వందసార్లు చెప్పుంటారు.

ఆయన ఇంట్లో ఇంకో సిలిండర్ ఉండేది. పిన్ని ఊపిరితిత్తులు గట్టిపడిపోయి, మంచం పక్కన ఆక్సిజన్ పెట్టారు. ఆ ముల్లు నిజాయితీగలది, వాడినకొద్దీ దిగుతుంది. "మీ పిన్నికి ప్రాణమైంది మన రుబిస్కోకి దండగ. రెండు సిలిండర్ల మధ్య పడింది నా సంసారం" అనేవారు. చూడ్డానికి వెళ్ళినప్పుడు పిన్ని ముక్కులో గొట్టంతోనే నవ్వింది. "మీ బాబాయి నన్నూ రోజూ తూస్తున్నారమ్మా. తగ్గానని చెప్పరు. రాసుకుంటారు." నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, నా మీద నాకే.

పిన్నికి బాగా ఎక్కువైన వారం బాబాయి సెలవు పెట్టి, సిలిండర్ నాకు అప్పగించారు. మూడు రోజులు తూచాను. గురువారం నడుం నొప్పిగా ఉంది. అబద్ధమెందుకు, బద్ధకంగా ఉంది. అప్పుడే ఆయన ఫోను. వెనక పిన్ని ఊపిరి గుర్రుగుర్రుమని వినిపిస్తోంది.

"సిలిండరెలా ఉంది తల్లీ? ముల్లెక్కడుంది?"

"నిన్నటి చోటే బాబాయ్. ఇంకా తూచలేదు."

మంచం పక్క మీటరుని ఆయన వేలితో తట్టిన చప్పుడు వినిపించింది.

"దిగలేదుగా? అయితే ఫర్లేదులే, వదిలెయ్."

అది పొరపాటని ఆ క్షణమే నాకు తెలుసు. నాలుగు రోజులుగా ఆ మనిషి రెప్ప వేయకుండా ఒక ముల్లు దిగడమే చూస్తున్నారు. దిగని ముల్లు ఒకటి ఉందని వింటే ప్రాణం లేచొచ్చి ఉంటుంది. నాకేమో కష్టం తప్పింది. శుక్రవారం నుంచి ఆదివారం దాకా థీసిస్ రాసుకుంటానని ఇంట్లోనే ఉండిపోయాను.

సోమవారం వెళ్ళేసరికి ముల్లు సున్నా మీదుంది. సీసాలో పచ్చదనం పోయి ఎండుగడ్డి రంగు. కొత్త సిలిండర్ పెట్టి, కొత్త నీళ్ళలోకి నాలుగు చుక్కలు మార్చి రెండు వారాలు చూశాను. ఏమీ మొలవలేదు. పిన్ని ఆ ఆదివారమే పోయింది.

బాబాయి తిరిగి వచ్చిన రోజు సీసా కేసి చూశారు. రిజిస్టరు తీస్తే గురువారం నుంచి ఆదివారం దాకా గడులు ఖాళీగా ఉన్నాయి. గురువారం గడిలో "తూచలేదు. నేనే వద్దన్నాను" అని రాసి, సంతకం పెట్టారు. వద్దన్నా తూచాల్సింది నేనని, తెలిసే మానేశానని చెప్పాలి. చెప్పలేదు. ప్రొఫెసరుగారు ఆ రాత చూసి, సీసాలు వేరే ఆయనకిచ్చి బాబాయిని స్టోరు గదికి మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నారు. నాకు వేరే అంశం ఇచ్చారు, డిగ్రీ వచ్చింది. ఆ గడిలో నా పేరు ఈరోజుకీ లేదు.

సంతకం పెట్టాక పెన్ను జేబులో పెట్టుకుంటూ ఒక్క మాటన్నారు.

"ఇంట్లో సిలిండర్ వెనక్కి పంపేశాను తల్లీ. ఇంకా సగం ఉంది."