మల్లయ్య చేతులు

1968 ఎండాకాలం. తార్నాకలో, యూనివర్సిటీకి వెళ్లే దారిలో ఉన్న పది మంచాల కంటి ఆసుపత్రిలో నేను థియేటర్ నర్సును. ఇప్పుడా ఆసుపత్రి లేదు. పరికరాలు శుభ్రం చేసి అందించడం నా పని. నా పనికి వంక పెట్టేవాళ్లు లేరని నాకు మహా గర్వం.

మల్లయ్య క్యాంపస్ లైబ్రరీలో పుస్తకాలు బైండింగ్ చేసేవాడు. కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. అప్పట్లో రెండు కళ్లకూ కట్టు కట్టి, రోజుల తరబడి కదలకుండా పడుకోబెట్టేవాళ్లం. మర్నాడు కట్టు విప్పితే కన్ను ఎర్రబడి ఉంది. కార్నియా, అంటే నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర, మొత్తం మసకబారింది. వార్డంతా వినేలా కసిరాను.

"చెయ్యి పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాను? పెట్టావు కదూ?"

ఆయన రెండు చేతులూ దుప్పటి కిందికి లాక్కున్నాడు. "నిద్రల వెట్టిన్నేమో సిస్టరమ్మా. నాకైతే ఎర్కలేదు."

కంట్లోంచి తీసిన నీటిని క్రిముల కోసం కల్చర్ పరీక్షకు పంపారు. ఏమీ పెరగలేదు, అంటే చెయ్యి తగిలి క్రిములు చేరడం కాదు. డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి, ఆ రోజు కాన్యులా ఎలా కడిగావని అడిగారు. కంటి లోపలికి సెలైన్ పంపే సన్నని గొట్టం అది. క్రిములను చంపే మందునీళ్లలో నానబెట్టాక సెలైన్‌తో మూడుసార్లు కడగాలి. ఆ రోజు మల్లయ్యది ఆరో ఆపరేషన్. త్వరగా ముగించాలని ఒక్కసారే కడిగాను. గొట్టంలో మిగిలిన మందే ఆ కంటిని కాల్చింది. ఒప్పుకున్నాను. మల్లయ్యకు చెప్పమని ఆయన అనలేదు, నేనూ చెప్పలేదు.

చుక్కలు వేశాం, వాపు తగ్గించే కార్టిజోన్ ఇచ్చాం. ఎరుపు తగ్గింది, మసక పోలేదు. ఆ కంటికి వెలుతురు తప్ప ఇంకేమీ తెలిసేది కాదు.

మరుసటి ఏడు ఎడమకంటికి వచ్చాడు. ఆపరేషన్ అయ్యాక పడుకోబెడుతుంటే, తలగడ కింద సంచీ ఉందని చెప్పి తీయమన్నాడు. అందులో పుస్తకాలు కుట్టేటప్పుడు వాడే నూలు పట్టీలు రెండు ఉన్నాయి.

"నా చేతులు మంచానికి కట్టుండ్రి సిస్టరమ్మా. గీ కన్ను గూడ పోతే నా పని పోతది. నా చేతుల మీద నాకు నమ్మకం లేదు."

చెప్పాల్సింది అప్పుడే. వదులుగా కట్టాను. ఇంకొంచెం గట్టిగా కట్టమన్నాడు.

ఆ కంటికి చూపు బాగా వచ్చింది. ఇంటికెళ్లే రోజు పక్క మంచం ఆమెకు బుద్ధి చెబుతున్నాడు, సిస్టరమ్మ మాట వినమని, తాను వినక ఒక కన్ను పోగొట్టుకున్నానని. నేను అక్కడే దుప్పటి మడతపెడుతూ నిలబడ్డాను.

తర్వాత ఎంతోమంది కొత్త నర్సులకు కాన్యులా కడగడం నేర్పాను. తప్పు మనదైతే రోగికి ఆ రోజే చెప్పెయ్యమని కూడా చెప్పేదాన్ని. నేను మల్లయ్యకు చెప్పలేదన్న సంగతి మాత్రం వాళ్లకూ చెప్పలేదు.