అమ్మ వద్దనకుండానే వద్దన్న కత్తులు

మొన్న ఆదివారం భోజనాలయ్యాక నా కూతురి కూతురు ఫోను పట్టుకొచ్చి నా మంచం మీద చతికిలబడి, అమ్మమ్మా, వీటిలో ఏది కొనమంటావు అని అడిగింది. చీరలేమో అనుకుని కళ్లజోడు వెతుక్కుని చూద్దును కదా, అన్నీ కత్తులే! నల్లవి, పచ్చవి, పిడికి తాడు చుట్టినవి, వెన్ను మీద రంపపు పళ్లున్నవి, ఒక్కోదాని కింద కొన్నవాళ్ల పొగడ్తలూ తిట్లూను. సంగతేమిటంటే హిజ్లీ కాలేజీలో తనతో చదువుకునే పిల్లలు కొందరూ, తనూ కలిసి సెలవుల్లో ఝాడ్‌గ్రాం వైపు సాల చెట్ల అడవిలో గుడారాలు వేసుకుని ఉంటారట, తాళ్లు కోయడానికీ, పుల్లలు చెక్కడానికీ, వంటకీ, ఆ తర్వాత హాస్టలు గదిలో రోజువారీ పనులకీ పనికొచ్చే కత్తి ఒకటి కావాలట, చవగ్గా ఉండాలట, మడత పెట్టేది మాత్రం కాకూడదట. ఆ చివరి మాట వినగానే నా చూపుడువేలు మీదున్న పాత గాటుని నాకు తెలియకుండానే తడుముకున్నాను.

మా ఈడువాళ్లకి ఇక్కడి ఓల్డ్ సెటిల్‌మెంటు రైల్వే క్వార్టర్ల గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? శ్రీకాకుళం వైపు నుంచి తాతల కాలంలో ఈ బెంగాలీవాళ్ల గడ్డకి రైల్వే పనుల కోసం వచ్చి, వర్క్‌షాపు సైరను మోతకి లేచి, ఆ మోతకే అన్నాలు తిని బతికిన సంసారాలు మావి. నాన్న వర్క్‌షాపులోనే పనిచేస్తూ జబ్బు చేసి పోయేనాటికి నాకింకా పెళ్లి కాలేదు, తమ్ముడు బళ్లో చదువుతున్నాడు, క్వార్టరు ఖాళీ చేయాల్సి వస్తుందని అమ్మ రాత్రీ పగలూ ఏడ్చేది. చివరికి నాన్న బదులు నన్ను చిల్లర పనులు చేసే ఖలాసీగా తీసుకుని, రైలు పెట్టెల సీట్లకీ బెర్తులకీ గుడ్డలు వేసే ట్రిమ్మింగ్ షాపులో పడేశారు. పడేశారని ఎందుకంటున్నానంటే, అంతమంది మగవాళ్ల మధ్య ఒక ఆడపిల్లకి ఏ పని చెప్పాలో వాళ్లకీ తెలియదు పాపం, అందుకని సీట్లలో కూరే కొబ్బరిపీచు దుమ్ము ఊడవడం, కుండల్లో నీళ్లు నింపడం నా వంతైంది.

చీపురు పట్టుకుని తిరుగుతున్నా నా కళ్లు మాత్రం బల్లల మీదే ఉండేవి. పెద్ద రెక్సిన్ చుట్టని పరిచి, ఒక్క గీతలో కోసి, మూలలు మడిచి, మేకులు కొట్టి, చూస్తుండగానే చిరిగిపోయిన సీటుని కొత్తది చేసేస్తుంటే నాకు ఆ పనే కావాలని మనసు పీకేది. మా మిస్త్రీ బెంగాలీ ఆయన, ముక్కు మీద కోపం గానీ మనసు మంచిది. పని లేని వేళల్లో పాత ముక్కలు కోసుకుంటూ నేర్చుకోనిచ్చాడు. ఇంతలో ఒక బల్ల ఖాళీ అయింది. దానికి ట్రేడు టెస్టు పెడతారని తెలిసి, వెళ్లి నా పేరూ ఇచ్చాను. అందులో గట్టెక్కితే చేతిలో ఒక పనంటూ ఉంటుంది, ఆ బల్ల నాదవుతుంది. తప్పితే ఇంకొకరు వచ్చి కూర్చుంటారు, నేను రిటైరయ్యేదాకా నీళ్లు మోసుకోవాలి. ఆడపిల్లకి రెండోసారి అవకాశం ఇస్తారని నమ్మేంత అమాయకురాల్ని కాను.

అయితే ఆ షాపులో ఒక పద్ధతి ఉండేది, ఎవరి కత్తి వాళ్లదే. సుత్తి అడిగితే ఇస్తారు, కత్తెర అడిగితే ఇస్తారు, కత్తి మాత్రం చచ్చినా ఇవ్వరు, ఎందుకంటే ఎవరి చేతివాటాన్ని బట్టి వాళ్లు సాన పట్టుకుంటారు. స్టోర్సులో నాకిచ్చిందేమో పాత రంపపు బద్దని అరగదీసి పిడికి టేపు చుట్టింది, నా పిడికిట్లో పట్టేది కాదు. ఆడలేక మద్దెల ఓడంటోందని నవ్వుతారేమోనని ఎవరికీ చెప్పకుండా, పూరీ గేటు దగ్గర రోడ్డు పక్కన రంగురంగుల పిడితో తళతళలాడుతున్న మడత చాకు ఒకటి కొనేశాను. మర్నాడే రెక్సిన్‌లో గుచ్చి బలంగా తోసేసరికి మడత సడలి నా వేలి మీదకే మూసుకుంది. రక్తం చూసి మిస్త్రీ తిట్టిన తిట్లు నాకు సగమే అర్థమయ్యాయి గానీ, కీలున్నది కోతకి పనికిరాదు, మడవని కత్తి తెచ్చుకో అన్నది మాత్రం బాగా అర్థమైంది.

ఇంటికొస్తే అమ్మ ఆ కట్టు చూసి గుండెలు బాదుకుంది. "ఓలమ్మ ఓలమ్మా! సుకంగా సీపురిచ్చినారు, ఊడ్సుకోక నీకీ కత్తులేటే? మొగోలి పన్లు నీకెందుకే?" అంది. నాకూ కోపమొచ్చింది, రోజంతా అన్నం ముట్టలేదు. అమ్మ ఎంత మొండిదో నేనూ అంతే, ఆ తల్లి కూతుర్నే కదా. మర్నాటి సాయంత్రం అమ్మ చీర మార్చుకుని గుమ్మంలో నిలబడి, "కొంతే నాను సూసి కొంతాను, నువ్వు తెచ్చినావంటే ఈపాలి సెయ్యే తెగిపోద్ది. నడు," అంది. అమ్మకి కత్తిపీట తప్ప ఇంకో పదునైన వస్తువు గురించి ఏమీ తెలియదని నాకు తెలుసు, అయినా కూడా వస్తోంది, అదే చాలనుకున్నాను.

ఇక్కడ మా ఇళ్లలోని ఒక పట్టింపు గురించి చెప్పాలి. కత్తి గానీ కత్తెర గానీ ఒకరి చేతిలోంచి ఇంకొకరు అందుకోకూడదు, అందుకుంటే ఇద్దరికీ తగువులొస్తాయని. ఇచ్చేవాళ్లు కింద పెట్టాలి, పుచ్చుకునేవాళ్లు అక్కణ్ణించి తీసుకోవాలి. మీ ఇళ్లలోనూ ఉండే ఉంటుంది. ఇక రెండోది అమ్మ బెంగాలీ. రోజూ పొద్దున్న పాలవాడు గుమ్మంలోకొచ్చి పిలిస్తే లోపల్నించే, రేఖే దిన్, అని కేకేసేది, అతను చెంబు గడప పక్కన పెట్టి వెళ్లిపోయేవాడు. అందుచేత రేఖే దిన్ అంటే అక్కడ పెట్టండి అని అమ్మ లెక్క. అది తప్పేమీ కాదు. కాకపోతే కొట్లో సరుకు చూపిస్తున్నవాడితో అదే మాటంటే, ఇది వద్దు, తీసి లోపల పెట్టేయండి అని అర్థం.

గోల్ బజారులో ఒక ముసలి బెంగాలీ దాదాది ఇనప సామాన్ల కొట్టు ఉండేది. నేను కత్తి అడగ్గానే, కూరలు కోసేదనుకుని తళతళలాడే సన్నపాటి స్టీలు కత్తొకటి గోడ మీంచి తీసి, పిడి ముందుకు పెట్టి అమ్మకి అందించాడు. అమ్మ చటుక్కున రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుని, "రేఖే దిన్ దాదా, రేఖే దిన్!" అంది. ఆయన అమ్మని ఎగాదిగా చూసి, కత్తిని మళ్లీ గోడకి తగిలించేసి, "ఠిక్ ధొరేఛేన్ దీదీ," అన్నాడు. సరిగ్గా పట్టేశారు, ఇది పైన పటారం లోన లొటారం, కాస్త గట్టిదాని మీద పెడితే వంగిపోతుంది, అంచు ఒక పూట కూడా నిలవదు అని హిందీలో తనే ఒప్పేసుకున్నాడు. అమ్మ నా వైపు తిరిగి గుసగుసగా, "ఏటే ఈ బాబు, సూపించినట్టే సూపించి దాసేస్తన్నాడు?" అంది.

రెండోది ఇత్తడి పువ్వులు తాపిన పిడి, చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో! నాకైతే ప్రాణం లేచొచ్చింది. అమ్మ మళ్లీ చేతులు దాచుకుని అదే మాటంది. ఆయన ఈసారి కొంచెం సిగ్గుపడి, ఇనుము పిడిలోకి సగం దాకానే పోయింది, నాలుగు నెలలు వాడితే ఊగుతుంది అని చెప్పి అదీ తీసేశాడు. ఆ తర్వాత వెన్ను మీద పళ్లున్నది తీశాడు. అమ్మ నోరు తెరిచేలోపలే, ఆ పళ్లు దేన్నీ కోయవు, గుడ్డకి పట్టుకుని చింపుతాయి తప్ప అని దాన్నీ నిందించాడు. ఇంకోదాని వెన్ను మరీ లావు, చీల కొట్టినట్టు ఇరుక్కుపోతుందే గానీ తెగదట. అప్పటికి నాకు విషయం అర్థమై నవ్వు ముంచుకొస్తోంది. అమ్మకి ఒక్క మాట చెబితే సరిపోయేది, కానీ చెప్పలేదు. ఏ దుకాణదారుడైనా తన సరుకు లోపాలు తనే వరసగా చెబుతుంటే మధ్యలో ఆపేవాళ్లుంటారా చెప్పండి? కాగల కార్యం గంధర్వులే తీరుస్తున్నారని చెవులు రిక్కించి ఊరుకున్నాను.

చివరికి ఆయనకి పౌరుషమొచ్చింది. ఈ తెలుగు దీదీ మామూలు మనిషి కాదనుకున్నాడో ఏమో, లోపల్నించి ఒక గోనెసంచి ఈడ్చుకొచ్చాడు. దాని మూతి ముడి విప్పడానికి తను రోజూ పురికొసలు కోసుకునే కత్తిని తీశాడు. నల్లగా, మెరుపన్నది లేకుండా, నాలుగు వేళ్లంత అలుగుతో, రెండు చెక్కబద్దల మధ్య ఇనుము పిడి చివరి దాకా కనిపిస్తూ ఉన్న కత్తి అది. సంచిలోనూ అలాంటివే, ఎవరో పల్లెటూరి కమ్మరి చేసినవట, మెరవవు కాబట్టి ఎవరూ అడగరట, అందుకే అన్నిట్లోకీ అవే చవకట. అందులోంచి ఒక కొత్తది తీసి, రెండు చేతులతో సంచి మూతి కట్టుకోవాలి కదా, ఆ కత్తిని బల్ల మీద పెట్టాడు. అంతే, అమ్మ ముఖం వెలిగిపోయింది. "అమ్మయ్య, ఇప్పుడు పెట్టినాడే!" అని గభాలున దాన్ని అందుకుంది.

కోరి కోరి తన కొట్లోకెల్లా మంచి కత్తినే ఎంచుకుందని ఆ దాదా అమ్మకి నమస్కారం పెట్టాడు. అమ్మ దాన్ని నా చేతికివ్వదు కదా, బల్ల మీద పెట్టింది, నేను తీసుకున్నాను. పిడికిలి మూస్తే వేళ్లు చుట్టూ తిరిగి ఒకదాన్నొకటి తాకాయి, చెమట చేతిలో కూడా జారలేదు. ఇది తుప్పు పడుతుంది, వాడాక తుడిచి చుక్క నూనె రాయాలి, సోమరిపోతుల కత్తి కాదు అని ఆయన మరీమరీ చెప్పి, తోలు ఒర ఒకటి ఊరికే ఇచ్చాడు. దారిలో నేను ఆ రేఖే దిన్ సంగతి చెప్పేసరికి అమ్మ నడిరోడ్డు మీద నిలబడి కళ్లంట నీళ్లొచ్చేలా నవ్వింది. నాన్న పోయాక అమ్మ అలా నవ్వడం నేను చూడటం అదే మొదలు. నవ్వి నవ్వి, "మరైతే నాను బాగానే బేరం సేసినానన్నమాట," అంది.

ఆ కత్తితో పొద్దున్న సైరనుకి ముందే లేచి పాత రెక్సిన్ ముక్కలు కోసేదాన్ని. సాన పట్టడం మిస్త్రీ నేర్పాడు. టెస్టు రోజున బెర్తు మూల చుట్టూ వంపు తిరిగే కోత ఇచ్చారు, మధ్యలో ఆగితే గుడ్డ మీద మెట్టు పడిపోతుంది, పడితే చూసేవాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది. ఊపిరి బిగబట్టి మొదలుపెట్టాను, కోత పూర్తయ్యాకే వదిలాను. అధికారి గుడ్డని వెలుతురుకి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసి, చివరికి మిస్త్రీతో, ఠీక్ హై, అన్నాడు. నేను నీళ్ల కుండల చాటుకెళ్లి ఏడ్చేశాను. సంతోషంతోనే సుమండీ.

ఆ యేడు విశ్వకర్మ పూజ రోజున, మీకు తెలుసు కదా, వర్క్‌షాపు గేట్లు ఇంటివాళ్లందరికీ తెరుస్తారు. నాన్న ఉన్నప్పుడు అమ్మ ఏటేటా వెళ్లి, ఆయన పనిముట్లకి బొట్టు పెట్టి వచ్చేది. ఆయన పోయాక ఆ గేటు వైపు కన్నెత్తి చూడలేదు. నేను రమ్మంటే వస్తుందో రాదో అనుకున్నాను గానీ పొద్దున్నే తలంటుకుని తయారైంది. మా షాపులో విగ్రహం ముందు కడిగి పేర్చిన కత్తెరలూ సుత్తులూ మేకుల డబ్బాల మధ్య నా కత్తి చిన్నగా నల్లగా ఉంది. అమ్మ దాని ముందు కూర్చుని కుంకుమ పెట్టి, ఆ వేలితోనే నా నుదుటా దిద్ది, అందరూ వినేలాగే అంది: "ఉద్దోగం మీ నాన్నదే. ఈ కత్తి మాత్రం నీదే."

ఆ మాట నేను రిటైరయ్యేదాకా నాకు ధైర్యమిచ్చింది. ఇప్పుడు మా షాపులో సీట్ల ఫోము దిమ్మల్ని యంత్రాలే కోస్తాయి, తయారైన సీట్లు ఎక్కణ్ణించో వచ్చి బిగించుకోవడమే మిగిలిందని వింటున్నాను. అయినా ఇప్పుడు బల్లల దగ్గర చాలామంది ఆడపిల్లలున్నారట, ఆ ముక్క వింటే నా కడుపు నిండిపోతుంది. అమ్మ లేదు, ఆ ఇనప సామాన్ల కొట్టులో ఫోను తొడుగులు అమ్ముతున్నారు.

మనవరాలికి ఇదంతా చెప్పి, ఫోనులో మెరుపులేని కత్తులన్నీ వెతికించి, పిడి చివరి దాకా ఇనుమున్నదీ, తన పిడికిలికి సరిపోయేదీ, చవకైనదీ ఒకటి ఎంపిక చేశాం. అది రాగానే సంచిలో పడేసుకుంటూ, మీ అమ్మ అన్న మాటలో అంత విశేషమేముంది అమ్మమ్మా, నీ కత్తి నీది కాక ఇంకెవరిదవుతుంది అని అడిగింది. ఆ ప్రశ్న నా మనవరాలి నోట అంత తేలిగ్గా రావడమే నాకెంతో బాగుంది, కాకపోతే అది వినడానికి పక్కన అమ్మ ఉంటే ఎంత బాగుండేదోనని ఆ పూటంతా అనిపిస్తూనే ఉంది.