సూరయ్య కోసం రాసిన అర్జీ

మొన్న నా కొబ్బరితోట నేనే ఎలా పోగొట్టుకున్నానో చెబుతాను, వినండి. ఇంత తెలివి మన అమలాపురం తాలూకాలో ఇంకెవరికీ లేదు లెండి.

సూరయ్య నా చిన్ననాటి స్నేహితుడు. మా తోటలు రెండూ పక్కపక్కనే. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లు మా ఊరికి తేవడానికి కొత్త కాలవ తవ్వుతామని దొరల మనుషులు వచ్చి దారి గుర్తుకి మేకులు పాతేరు. ఆ మేకులు సరిగ్గా సూరయ్య తోట మధ్యలో పడ్డాయి.

కాలవ రావాలని నేను, వద్దని వాడు. పొద్దున్న మా అరుగు మీదకొచ్చి వాడు తిట్టేవాడు. సాయంత్రం వాళ్ల అరుగు మీదకెళ్లి నేను తిట్టేవాణ్ణి. "ఊరి బాగు కోసం నాలుగు చెట్లు వదులుకోలేవురా?" అనేవాణ్ణి. పక్కవాడి చెట్లంటే నాకు అంత ఔదార్యం.

ఓ రోజు కాగితం పట్టుకొచ్చేడు. "ఒరే పంతులూ, కాలవ వద్దని తాసీల్దారు గారికి అర్జీ రాసిపెట్టు."

"కావాలంటున్నవాణ్ణి నేను కదరా?"

"ఊళ్లో రాయడం వచ్చింది నీ ఒక్కడికే. నేనేం చెయ్యను?"

సరే, కూర్చున్నాను. మాటమాటకీ పోట్లాడుకుంటూనే రాసేను. రాయడం మొదలెట్టేక నా పాండిత్యం ఊరుకుంటుందాండీ? ఒక్కో చెట్టునీ వాడు ఎలా పెంచేడో వర్ణించేను. చదివి వినిపిస్తే వాడు కళ్లు తుడుచుకున్నాడు. లోపల మా ఆవిడ ముక్కు ఎగబీల్చింది. వాడు కింద నిశానీ గీసి పట్టుకుపోయేడు.

పది రోజులకి తాసీల్దారు గారే వచ్చేరు. అర్జీ చదివి మనసు కరిగిందట. "పాపం, ఈ తోట జోలికి పోకండి. కాలవ పక్కకి జరపండి" అన్నారు.

పక్కనున్నది నా తోట.

బంట్రోతులు మేకులు పీకి నా చెట్ల మధ్య పాతడం మొదలెట్టేరు. ఊరంతా చూస్తోంది. అప్పుడు సూరయ్య ముందుకొచ్చి చేతులు జోడించేడు.

"అయ్యా, వీడి తోట తియ్యకండి. అసలు ఈ కాలవే మా ఊరికి వద్దండి."

నేను నోరు మూసుకుని నిలబడితే చాలు. తోట దక్కేది. కానీ కాలవ వద్దని సూరయ్య అనడం, నేను ఊరుకోవడమూనా?

"వాడి మాటలు వినకండి. కాలవ రావలసిందేనండి" అనేశాను.

తాసీల్దారు గారు నన్ను ఎగాదిగా చూసేరు. "నీకు అభ్యంతరం లేదా?"

"ఆయ్, లేదండి."

శభాష్ అని భుజం తట్టి వెళ్లిపోయేరు. సూరయ్య తల పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

ఇప్పుడు నా చెట్లన్నీ కొట్టేశారు. రోజూ పొద్దున్నే సూరయ్య తన తోటలోంచి రెండు బొండాలు కొట్టి తెచ్చి, నన్ను తిట్టి మరీ ఇస్తున్నాడు. ఆ నీళ్లు తాగుతూ, కాలవ వల్ల ఎన్ని లాభాలో వాడికి వివరంగా చెబుతున్నాను.