రూతు నక్కకు పెట్టిన రోజులు

చిన్నప్పుడు అంటే నాకు ఇరవై నాలుగేళ్లు... ఈ దేశం వచ్చిన కొత్తలో, నగర శివారు ట్రుగనీనాలో మా అద్దె గది వెనక, చెక్క కంచె దగ్గర కూర్చుని, రూతు కోడికూర ముక్కలు కుళాయి కింద కడుగుతోంది. కారం పోవాలి కదా... నక్కకు.

ఇద్దరం యూనివర్సిటీలో చదువుతున్నాం. పెళ్లయి ఏడాది. మాకు బుద్ధి తెలిసింది ఆ ఇంట్లోనే, అందుకే వాటిని చిన్ననాటి రోజులంటాను. కంచె అవతల ఖాళీ ప్లాటు, అందులో బిల్డర్లు వదిలేసిన కలప గుట్ట. దాని వెనక గడ్డి, ఆ తర్వాత గోడౌన్లు.

పీఆర్‌కు, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, కావలసిన ఇంగ్లీషు పరీక్ష రూతు రెండుసార్లు తప్పింది. మూడోసారి పరీక్షకు బయలుదేరిన ఉదయం ఆ కలప గుట్ట మీద నక్క కనిపించింది. ఎర్రటి ఒళ్లు, నల్లటి కాళ్లు. ఆ పరీక్ష పాసైంది.

"చూశారా... తోక తొక్కకుండానే పనైపోయింది. తొక్కితే ఇంకేమయ్యేదో!" అంది.

"పాస్టర్ గారి కూతురివి. నక్కను నమ్ముతావా?"

"దాన్ని పంపింది మా నాన్న గారి దేవుడేనండీ. మీకేంటి బాధ?"

ఫలితం తెలిసిన ఆ సాయంత్రం నుంచి దానికి తిండి పెట్టడం మొదలుపెట్టింది. పీఆర్ చేతికి వచ్చేదాకా అది మన కళ్లముందే ఉండాలి అనేది. నవ్వుతూనే అనేది... కానీ ఒక్క రోజు మానలేదు.

నక్క అంటే అడవిలో ఉంటుందనుకున్నాను. ఇది ఇళ్ల మధ్యే బతికేది. గడ్డిలో తల పక్కకు వంచి నిలబడేది. లోపల ఎలుక కదిలిన చప్పుడు వినబడగానే గాల్లోకి ఎగిరి, ముక్కు నేలకు పెట్టి దూకేది. ఎక్కువైన తిండిని మట్టిలో పూడ్చేది. సెప్టెంబరు వచ్చేసరికి రూతు పెట్టిన ముక్కలు అక్కడ తినడం మానేసింది. నోట కరుచుకుని కలప గుట్ట కిందికి వెళ్లేది.

"పిల్లలున్నాయండీ దానికి" అంది రూతు. ఆ రోజు నుంచి రెండు ముక్కలు ఎక్కువ.

ఇంటి యజమానిని అంకుల్ అనేవాళ్లం. ఫిజీ నుంచి వచ్చిన తెలుగాయన. తాత దగ్గర నేర్చుకున్న తెలుగు ముక్కలు, మిగతా ఇంగ్లీషు. పెరట్లో ఆరు కోళ్లు పెంచేవారు. వాటికి పేర్లు కూడా ఉండేవి.

"ఫిజీలో నక్క లేదు బేటీ. తాత కథలో మాత్రమే విన్నా. దీన్ని ఇక్కడికి ఇంగ్లీషువాళ్లు వేట కోసం షిప్‌లో తెచ్చారట" అన్నారు ఒకసారి.

"అయితే మనలాగే వచ్చిందన్నమాట. దీనికి పీఆర్ ఇచ్చారా అంకుల్?"

"దానికా... నెవర్. ఇక్కడ అందరూ దాన్ని చంపాలనే చూస్తారు. నువ్వు తిండి పెట్టొద్దు. భయం పోతే దానికే డేంజర్."

రూతు తలూపింది. ఆయన లోపలికి వెళ్లగానే ముక్కలు పెట్టింది.

నెల తిరిగేసరికి నక్క పట్టపగలు మా గడప దాకా రావడం మొదలుపెట్టింది. నేను తలుపు తీసినా కదిలేది కాదు. రూతుకు ఎంత సంతోషమో...

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఆరు కోళ్లూ చచ్చిపోయి ఉన్నాయి. ఒక్కదాన్నీ తీసుకెళ్లలేదు. అంకుల్ పార పట్టుకుని గొయ్యి తవ్వుతున్నారు. మా మీద అరవలేదు. అరిస్తే బాగుండేది.

మర్నాడు నక్కల్ని పట్టే మనిషి యూట్ అనే చిన్న ట్రక్కులో ఇనుప బోను తెచ్చాడు. లోపల పచ్చి మాంసం పెట్టాడు. మూడు రోజులు నక్క బోను చుట్టూ తిరిగింది తప్ప లోపల కాలు పెట్టలేదు. "దీనికి అలవాటైన తిండి ఏదో పెట్టాలి" అన్నాడు అతను.

అంకుల్ నా వైపు చూశారు. "నీకు తెలుసు కదా బేటా."

రూతు పెట్టడం మానలేదని ఆయనకు మొదటినుంచీ తెలుసు.

రూతు క్లాసుకు వెళ్లింది. ఫ్రిజ్‌లో కూర ఉంది. నాలుగు ముక్కలు తీశాను... కుళాయి దగ్గరికి వెళ్లాను.

ఆమె వచ్చేసరికి బోను యూట్ మీద ఉంది. నక్క అరవడం లేదు. రూతును చూసి లేచి నిలబడింది. తిండి తెచ్చిందనుకుంది కాబోలు. ఆ మనిషి టార్పాలిన్ కప్పి బండి తీశాడు. బోనులో ఏం పెట్టామో ఆమెకు ఎవరూ చెప్పలేదు. తనే చూసింది.

"కారం కడిగే పెట్టారా?" అని అడిగింది.

"కడిగాను."

అంతే. ఆ విషయం మా మధ్య మళ్లీ ఎప్పుడూ రాలేదు.

తర్వాత మూడు రోజులు ఆ నక్కపిల్లల కోసం కలప గుట్ట దగ్గర తనే ముక్కలు పెట్టి వచ్చింది. మొదటి రోజు పెట్టినవి కొన్ని పోయాయి. మూడో రోజు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నాలుగో రోజు వెళ్లలేదు.

పీఆర్ వచ్చింది. పక్క శివారు టార్నీట్‌లో ఇల్లు కట్టుకున్నాం. పెరట్లో రూతు ఒక పిట్టకు కూడా గింజ వేయలేదు.

ఆమె పోయాక ఇది రెండో శీతాకాలం.

ఇప్పుడు ఇక్కడ ఖాళీ ప్లాట్లు లేవు, గడ్డి లేదు. నక్కలు మాత్రం ఉన్నాయి. ఒకటి తెల్లవారుజామున మా వీధిలో తిరుగుతోంది. కనిపించిన ప్రతిసారీ గట్టిగా చప్పట్లు కొట్టి తరుముతాను. భయముంటే నాలుగు రోజులు ఎక్కువ బతుకుతుందని.

అది పారిపోవడం లేదు. నా చేతుల వైపు చూస్తూ నిలబడుతోంది...

మా వీధిలో ఎవరో దానికి పెడుతున్నారు. ఇది చదువుతున్న మీలోనే ఎవరైనా అయితే కింద కామెంట్‌లో రాయండి. తిట్టను. ఏం వండి పెడుతున్నారో మాత్రం చెప్పండి.