నా జడతో కట్టిన గాలాలు

నిన్న నెల్లూరులో ఒక కొట్టు అద్దాల వెనక వెంట్రుకల కుచ్చు కట్టిన గాలాలు చూసి ఒళ్ళు మండింది. మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అరవైల్లో వాటిని ఇంట్లోనే సీసం గుండు, మేకతోక వెంట్రుకలు పెట్టి కట్టేవాళ్ళు. మా చిన్నాన్న కట్టిన గాలానికి పండుగొప్ప చేప పడి తీరుతుందని పులికాటు సరస్సు ఒడ్డున పేరు.

ఒకరోజు మేక వెంట్రుకలు అయిపోయాయి. మధ్యాహ్నం నేను నిద్రపోతుంటే నా జడను ఆయన మెడ దగ్గరికి కత్తిరించేశాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. లేచి తల తడుముకుని కేకలు పెట్టాను.

"ఏం పని చేసినావబ్బా!" అంది అమ్మ.

"మళ్ళీ మొలస్తాదిలే వదినా. చేప పడితే తినేది మీరే గదా" అని నవ్వాడు.

సాయంత్రం నిజంగానే పెద్ద పండుగొప్ప తెచ్చాడు. అమ్మ దాన్ని తాకలేదు.

"నా బిడ్డను ఏడిపించి పట్టిన చేపను నేను వండను" అంది.

నాన్న ఆ చేపను తానే వండాడు. అన్నదమ్ములిద్దరూ నా ఎదుటే కూర్చుని తిన్నారు.

చాలా ఏళ్ళ తర్వాత, చనిపోయేముందు చిన్నాన్న నన్ను చూడాలని కబురు పెట్టాడు. నేను వెళ్ళలేదు. "పెద్దాయన కదా, క్షమించాల్సింది" అని కింద కామెంట్ రాయబోయేవాళ్ళు, ముందు మీ మనవరాలి జడ ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి.