జైతూన్ ఖాలా ఎక్కిన బస్సు

మా జైతూన్ ఖాలాకు ఎప్పుడూ కోపమే. ఖాలా అంటే పిన్ని; సొంత పిన్ని కాదు, పిలుపు వరసంతే. ముసల్మానుల గురించి ఎవరైనా తలాతోకా లేని మాట అన్నారో, అది తప్పని ఒప్పుకునేదాకా వాళ్లను బస్సు దిగనివ్వదు. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఆ బస్సు నడిపేది నేనే కాబట్టి ఆ కేకలన్నీ నా చెవులకే.

"ఆ తలగుడ్డ మీ ఆయన కట్టుకోమన్నాడా?" అని ఒకాయన జాలిపడ్డాడు.

"మా ఆయనకు తన మేజోళ్లే కనపడవు. నా నెత్తి ఆయనకెక్కడ కనపడుతుంది?"

"ఆయనకు నలుగురు పెళ్లాలా?"

"నా ఒక్కదాని నోటికే జడిసి పొద్దస్తమానం ముల్లంగి మడిలో దాక్కుంటున్నాడయ్యా!"

ఇంకొకావిడ, "మీకు యేసు అంటే పడదటగా?" అంది. ఖాలా కళ్లు ఎర్రబడ్డాయి. "మా మనవడి పేరు ఈసా. అంటే యేసే! మా చెల్లెలు మర్యమ్. ఆయన తల్లి పేరే! పడకపోతే ఆ పేర్లు పెట్టుకుంటామా?" ఆవిడ దిగాల్సిన చోటు ఎప్పుడో దాటిపోయింది.

నాకు విసుగొచ్చేది. ఈ పెద్దావిడకు రోజూ నా బస్సే దొరికిందా అనుకునేవాణ్ణి.

ఒక సాయంత్రం బడి వదిలాక సుంబుల్ అనే పిల్ల ఎక్కి, లెక్కల పుస్తకం తెరుచుకుంది. వెనక సీటు మనిషి ముందుకు వంగాడు. "నిన్ను ఏ ముసలాడికి కట్టబెడుతున్నారు? బాంబులు చేయడం ఇంట్లోనే నేర్పుతారా?"

పిల్ల పుస్తకంలోకి ఇంకా ఒదిగిపోయింది. నా ఒళ్లు మండిపోయింది. బస్సు పక్కకు తీసి ఆపేలోపే ఖాలా వాళ్లిద్దరి మధ్యకు వచ్చి నిలబడింది.

"ఆ పిల్లకు రేపు లెక్కల పరీక్ష. నాకేం పనిలేదు. నాతో మాట్లాడు, రా!"

వాడు ఖాలాను నానా మాటలూ అన్నాడు. ఖాలా ఒక్కో మాటకు పది అప్పజెప్పింది. ఆ గొడవలో సుంబుల్ నెమ్మదిగా వచ్చి నా వెనక సీట్లో కూర్చుంది. "నా బస్సు దిగు!" అని నేనూ అరిచాను. వాడు తిట్టుకుంటూ దిగిపోయాడు.

చివరి స్టాపులో పిల్ల సలాం చెప్పి ఇంటికి వెళ్లాక కూడా ఖాలా బస్సు దిగలేదు.

"మీ ఇల్లు ఇటు కాదుగా ఖాలా, రోజూ ఎక్కడికి వెళ్తారు?"

"ఎక్కడికీ లేదు బేటా. బడి వదిలే వేళకు ఎక్కుతాను, అంతే. నేను అరుస్తూ ఉంటే అందరి చూపూ నా మీదే ఉంటుంది. తిట్టేవాడెవడైనా నన్నే తిడతాడు. పిల్లలు హాయిగా ఇల్లు చేరతారు."

ఇంతలో ఒక ముసలావిడ చేతికర్ర పట్టుకుని ఎక్కి, ఖాలాను చూసి ముద్దుగా నవ్వింది.

"ఏమ్మా, మీరు చంద్రుణ్ణి పూజిస్తారటగా?"

ఖాలా నిటారుగా కూర్చుంది. పక్కకు జరిగి చోటిచ్చింది.

"కూర్చో తల్లీ. ఎంతదూరం వెళ్లాలి నువ్వు?"

"ఆ చివరికి."

"సరిపోతుంది," అంటూ ఖాలా కొంగు బిగించింది.

నేను బస్సు కాస్త నెమ్మదిగానే పోనిచ్చాను.